ప్రభువుల పుస్తకంలో రాహేలు లేదు

నేను ఒక వంశావళి పుస్తకాన్ని. మీ దగ్గర భట్రాజులు నిలబడి గొంతెత్తి చేసే పనిని నేను లండన్‌లో ఎర్రతోలు అట్ట వేసుకుని, వీపు మీద బంగారు అక్షరాలు పొదిగించుకుని చేశాను. ఇంగ్లండు ప్రభువుల ఇళ్ళలో ఎవరికి ఎవరు పుట్టారో, ఎవరిని కట్టుకున్నారో, ఏ పదవి వెలగబెట్టారో, ఏ ఏట పోయారో అంతా నా పద్నాలుగు వందల పేజీల్లో ఉంటుంది. అంతా అంటే, ఉండాలని వాళ్ళు అనుకున్నంత.

నన్ను రాసినవాళ్ళు పండితులనుకునేరు. ఏటా సంపాదకుడు ప్రతి ప్రభువు ఇంటికీ ఒక ఫారం పంపుతాడు. ఇంట్లో తీరికగా ఉన్న ఆడబడుచో, పెళ్ళికాని మేనత్తో దాన్ని నింపి తిప్పి పంపుతుంది. వచ్చింది వచ్చినట్టు అచ్చు వేస్తారు. ఇంతే నా శాస్త్రం. దాన్నే లోకం కళ్ళకద్దుకుంటుంది, కోర్టుల్లో సాక్ష్యం చెప్పిస్తుంది.

నా ఎనిమిది వందల పన్నెండో పేజీ స్కార్‌వెల్ ఎర్ల్ అనే బిరుదు మోసే ప్రభువుల వంశానిది. మొదటి ఎర్ల్ రాజుగారికి పొద్దున్నే చొక్కా అందించేవాడు. ఒకనాడు తోటివాడిని మోచేత్తో నెట్టి అరక్షణం ముందుగా అందించినందుకు బిరుదు వచ్చింది. నాలో 'రాజసేవలో విశిష్టుడు' అని ఉంటుంది. రెండో ఎర్ల్ ప్రభువుల సభలో ముప్పై ఏళ్ళు కూర్చుని ఒకే ఒక్కసారి లేచాడు, కిటికీ మూయమనడానికి. 'సభా వ్యవహారాల్లో అనుభవజ్ఞుడు.' మూడో ఎర్ల్ ఏదో ద్వీపానికి గవర్నరుగా వెళ్ళి, చెరుకు తోటల కూలీలు తిరగబడితే ఒక్క ఉదయంలో నూట పది మందిని ఉరి తీయించాడు. 'దృఢమైన పరిపాలన.' ఆయనకు పతకం కూడా ఇచ్చారు. నన్ను కూర్చిన గుమాస్తాలు అచ్చు దిద్దుకుంటూ ఇవన్నీ చెప్పుకుని నవ్వుకునేవాళ్ళు. నేనూ నవ్వాను. అప్పటికి నా బతుకు నాకు బాగానే ఉండేది.

ఆ పేజీ అడుగున చిన్న అక్షరాల్లో ఒక మాట ఉంది. నాలుగో ఎర్ల్‌గారి మూడో కొడుకు ఎడ్మండ్. జననం 1849. మద్రాసు సివిల్ సర్వీసు. చింతలరేవులో జ్వరంతో మరణం, 1878. అవివాహితుడు.

చింతలరేవు అంటే విశాఖపట్నానికి ఉత్తరంగా సముద్రం ఒడ్డున ఉన్న చిన్న రేవు. నేను అచ్చయిన ఏడాదే ఓడెక్కి అక్కడి దొరల క్లబ్బుకు చేరాను. అక్కడున్న పదకొండుమంది దొరలూ ఒకరి తర్వాత ఒకరు, ఎవరూ చూడకుండా వచ్చి నాలో తమ పేర్లు వెతుక్కున్నారు. తొమ్మిదిమందివి లేవు. ఆ తొమ్మిదిమందే నన్ను గాజుబీరువాలో పెట్టి తాళం వేశారు.

ఇప్పుడు రాహేలు సంగతి చెప్పాలి. ఎడ్మండ్ దొర ఆమెను పెళ్ళి చేసుకున్నాడు. ఉంచుకోలేదు, చేసుకున్నాడు. ఆమె వలలు అల్లే సూరాడ ఎల్లయ్య కూతురు, మిషను బడిలో చదువుకుని ఆ బడిలోనే పంతులమ్మ అయింది. 1874లో ఆ ఊరి గుడిలోనే ముసలి మిషనరీ ఒకాయన వాళ్ళ చేతులు కలిపాడు. మరుసటేడు దానియేలు పుట్టాడు. దొర పోయేనాటికి పిల్లాడికి మూడేళ్ళు. ఇంగ్లండు నుంచి గుడి ఆవరణలో ఆయన సమాధి మీద పెట్టమని చలువరాతి ఫలకం వచ్చింది. రాహేలుకు ఏమీ రాలేదు, ఉత్తరం ముక్క కూడా. మిషనరీ కలరాతో పోయాడు. పెళ్ళిళ్ళ రిజిస్టరును చెదలు తినేశాయి. ఇక ఊరికి అడ్డేముంది? దొర ఉంచుకున్నది అన్నారు. గుడి ఇంకాస్త దయగలది కాబట్టి తప్పు చేసి మారుమనసు పొందినది అంది, చివరి చాప మీద కూర్చోనిచ్చింది. ప్రభువు బల్ల దగ్గరికి, అంటే క్రీస్తు పేరిట రొట్టె, ద్రాక్షరసం పంచే చోటికి మాత్రం రానివ్వలేదు. పద్దెనిమిదేళ్ళు ఆమె ఆ చాప మీదే కూర్చుని, సోమవారం పొద్దున్న ఆ ఊరి పిల్లలకే అక్షరాలు దిద్దించింది.

ఆమెకు రొమ్ములో గడ్డ లేచింది. ఇక ఎన్నాళ్ళో బతకనని తెలిశాక యాకోబు అయ్యగారి దగ్గరికి వెళ్ళింది. ఆయన ఆ గుడికి పాస్టరు, తెలుగువాడే. చెడ్డవాడు కాదు. దొరలంటే భయం, అంతే. ఆ భయం వల్ల జరిగినంత చెడు చెడ్డవాళ్ళ వల్ల కూడా జరగదని నేను తర్వాత తెలుసుకున్నాను. ఆయన క్లబ్బు సెక్రటరీని బతిమాలి నన్ను ఒక పూట అరువు తెచ్చుకున్నాడు. అలా నేను మొదటిసారి రాహేలును చూశాను. బల్లకు అటుపక్క నిలబడి ఉంది, కూర్చోమన్నా కూర్చోలేదు.

"నానేటీ పెద్దది అడగట్లేదు అయ్యగారూ. ఆయన పక్కన కాసింత సోటు. రాయి మీద నా పేరు ఎక్కించమని కూడా అనను. పెళ్ళాన్ని కదా, పక్కన పడుకోనివ్వండి."

"నువ్వు పెళ్ళానివని నాకెవరు చెప్పాలమ్మా? రిజిస్టరు లేదు. సాక్షులు లేరు. అందుకే ఇదిగో, దీన్ని తెప్పించాను. ఇది అబద్ధం ఆడదు."

ఆయన నన్ను తెరిచాడు. వేలు పేజీ కిందికి జారుతూ వచ్చి ఆ మాట మీద ఆగింది. పైకి చదివాడు, తెలుగులో చెప్పాడు. రాహేలు ఇంగ్లీషు చదవగలదు. అయినా బల్ల మీదికి వంగి, వేలు పక్కన వేలు పెట్టి తాను కూడా చదువుకుంది.

"ఇది ఎవురు రాసినారండీ?"

"వాళ్ళింట్లోవాళ్ళేనమ్మా."

"నాను మాత్రం వోళ్ళింట్లో మనిసిని కాదేటి?" అంది.

అయ్యగారు నన్ను మూసేశారు. నాకు నోరుంటే ఆ క్షణంలో అరిచేదాన్ని. అది ఒట్టి ఫారం, దాన్ని నింపినామె చింతలరేవు మొహం ఎప్పుడూ చూడలేదు అని చెప్పేదాన్ని. నోరు లేదు. ఉన్నదల్లా అచ్చు. ఆ అచ్చే ఆమెను చావకముందే చంపింది. నా బతుకులో నాకు సిగ్గేసింది అప్పుడే.

ఆమె రెండు నెలలకు పోయింది. ఆవరణ గోడ బయట, సరుగుడు చెట్ల కింద, పడవ బోల్తాపడి ఒడ్డుకు కొట్టుకొచ్చిన ఊరూపేరూ లేనివాళ్ళను పూడ్చే ఇసుకలో పూడ్చారు. యాకోబు అయ్యగారు గోడకు ఇవతలే నిలబడి ప్రార్థన చేశారట.

మరుసటేడు కొత్త ముద్రణ రావడంతో క్లబ్బువాళ్ళు నన్ను పాత పత్రికలతో కలిపి తూకానికి అమ్మేశారు. కొన్నవాడు దానియేలు. అప్పటికి వాడు గుడి పక్కనే ఉన్న ధర్మాసుపత్రిలో కాంపౌండరు. పొట్లాలు కట్టుకోవడానికి కాగితాలు కావాలన్నాడు. మొదటి పేజీ నుంచి వరసగా చింపడం మొదలుపెట్టాడు. డ్యూకులు జిగట విరేచనాల పొడికి పోయారు. మార్క్విస్‌లు గజ్జి మందు చుట్టుకుని పల్లెలకు వెళ్ళారు. నాకు నొప్పి లేదంటే నమ్ముతారా? ఆ ప్రభువులు నాలుగు వందల ఏళ్ళలో జనానికి చేసిన మొదటి ఉపకారం అదే. ఎనిమిది వందల పన్నెండో పేజీని మాత్రం వాడు ముందే కోసి, మందుసీసాల అలమరా తలుపుకు లోపలివైపు అంటించాడు. ఎందుకంటే చెప్పేవాడు కాదు.

1903లో ఒక లాయరు దొర వచ్చాడు. చెమటలు కక్కుతూ ఆసుపత్రి వరండాలో కుర్చీ వేయించుకుని, కాంపౌండరును 'సర్' అని పిలిచాడు. అక్కడున్న రోగులంతా దగ్గడం ఆపి చూశారు.

విషయం ఏమిటంటే, స్కార్‌వెల్ వంశంలో మగ నలుసు మిగల్లేదు. పెద్దకొడుక్కి అందరూ ఆడపిల్లలే. రెండోవాడు నక్కల వేటలో గుర్రం మీంచి పడి పోయాడు, వాడి కొడుకులిద్దరూ ఆఫ్రికా యుద్ధంలో పోయారు. మిగిలింది ఎడ్మండ్ చెల్లెలు లేడీ అగస్టా. యాభై దాటిన మనిషి. ఫారాలు నింపేది ఆమే. అన్న పెళ్ళి సంగతి రాసిన ఉత్తరం ఆమెకు 1874లోనే అందింది. ఇరవై తొమ్మిదేళ్ళు సొరుగులో దాచి, ఇప్పుడు తీసింది. మద్రాసుకు పంపిన రిజిస్టరు నకలు చెదలు తినకుండా భద్రంగా ఉందని లాయరు కనిపెట్టాడు. దాని ధ్రువపత్రం ఇప్పుడు ఆయన సంచీలో ఉంది.

"అంటే మా అమ్మ..." అని ఆగిపోయాడు దానియేలు.

"చట్టప్రకారం భార్య. మీరు ఏడో ఎర్ల్."

ఎర్ల్ అన్న మాట దానియేలు చెవికి ఎక్కలేదని నాకు తెలుసు. భార్య అన్న మొదటి మాట దగ్గరే వాడు ఆగిపోయాడు. ముప్పై ఏళ్ళకు దగ్గరపడిన మనిషి, పొడులు నలిపే కల్వం పక్కకు నెట్టి వెక్కి వెక్కి ఏడ్చాడు.

లాయరు మర్యాదగా ఆగి, తర్వాత సంచీలోంచి ఇంకో కాగితం తీశాడు. వచ్చే ముద్రణకు లేడీ అగస్టా స్వయంగా నింపిన ఫారం. దానియేలు కళ్ళు తుడుచుకుని చదివాడు. 'ఎడ్మండ్. వివాహం, 1874. భార్య రేచెల్, కీర్తిశేషుడు కెప్టెన్ రేమండ్ ఏకైక పుత్రిక.'

"ఈవిడెవరండీ?"

"మీ అమ్మగారు."

"మా అమ్మ పేరు రాహేలండి. మా తాత సూరాడ ఎల్లయ్య. వలలు అల్లేవోడు. ఈ కెప్టెన్ని మావూళ్ళో ఎవరూ ఎరగరు."

లాయరు ఓపికగా వివరించాడు. ధ్రువపత్రం ప్రభువుల సభకు. అది ఏ గుమాస్తా అయినా చూసి బీరువాలో పడేస్తాడు. పుస్తకం లోకానికి. భార్య అన్న మాట ఇవ్వడానికి లేడీగారికి అభ్యంతరం లేదు. ఆ మాట పక్కన ఏ పేరు ఉండాలన్నదే ఆమె పట్టింపు. ఆమె సొమ్మూ సంతకమూ లేకుండా బిరుదు అడిగే అర్జీ సభ గడప తొక్కదు.

"సూరాడ ఎల్లయ్య కూతురు అని రాయించండి. రేపే ఓడెక్కుతాను."

లాయరు తల అడ్డంగా ఊపాడు. ఆ సంగతి కూడా లేడీగారిని ముందే అడిగాడట. ఆ పేరు అచ్చవడం కన్నా వంశం అంతరించిందని అచ్చవడమే మేలని ఆమె సెలవిచ్చిందట. చొక్కా కోసం మోచేతులు విసిరిన ఇల్లు, ఒక కొడుకు కోసం అప్పచెల్లెళ్ళ పిల్లల్నే కట్టుకుని పిచ్చివాళ్ళను కన్న ఇల్లు, బతికున్న వారసుడిని ఎదురుగా పెట్టుకుని చావడానికి ఒప్పుకుంది. అంత మొండితనం నా పద్నాలుగు వందల పేజీల్లో ఇంకెక్కడా లేదు.

దానియేలు అలమరా తలుపు తెరిచి, అంటించిన పేజీ చూపించాడు.

"ఇందులో ఉన్నమాటే ఉండనివ్వండి దొరా. పరాయి ఆడమనిషిని మా నాన్నకి కట్టబెట్టలేను."

లాయరు రెండు కాగితాలూ సంచీలో వేసుకుని వెళ్ళిపోయాడు. తర్వాతి ముద్రణలో స్కార్‌వెల్ బిరుదు అంతరించినట్టు ఒక్క ముక్కలో తేల్చేశారని క్లబ్బు గుమాస్తా పంటినొప్పికి లవంగనూనె తీసుకుంటూ చెప్పాడు.

ఆ లాయరు ఒక తప్పు చేశాడు. నకలు మద్రాసులో ఉందని నోరు జారాడు. దానియేలు తానే అర్జీ రాసుకుని ఆ ధ్రువపత్రం తెప్పించాడు. దాన్ని యాకోబు అయ్యగారికి పంపాడు. ఏడేళ్ళు ఆలస్యమైనా ఆయన పరుగున ఆసుపత్రికే వచ్చాడు.

"తప్పైపోయింది బాబూ. రాహేలమ్మను లోపలికి తెచ్చుకుందాం. దొరగారి పక్కనే. నేనే దగ్గరుండి ప్రార్థన చేస్తాను."

దానియేలు పొట్లం కట్టడం ఆపలేదు.

"మా అమ్మని లోపలికి తేనక్కర్లేదండి. మా నాన్నని బయటికి పంపించండి."

"బయటికా? ఎర్ల్‌గారి కొడుకుని ఆ ఇసకలోకా?"

"పెళ్ళాం ఎక్కడుంటే మొగుడక్కడ. కొడుకుని నేను అడుగుతున్నాను. కొడుకునని ఆ కాయితమే చెబుతోంది."

అనుమతికి నాలుగు నెలలు పట్టింది. కాదనమని ఇంగ్లండు నుంచి ఎవరూ రాయలేదు, అంతరించిందని అచ్చయిన వంశం తరఫున రాసేదెవరు? ఒక సాయంత్రం నలుగురు జాలరులు తవ్వి, ఎడ్మండ్ దొర ఎముకల్ని కొత్త తెరచాప గుడ్డలో చుట్టి గోడ దాటించి రాహేలు పక్కన పెట్టారు. ఆసుపత్రి కిటికీలోంచి నేను చూశాను. లోపలి పాత గుంట పూడ్చేశారు. చలువరాతి ఫలకం ముట్టుకోవడానికి మాత్రం అయ్యగారు ఒప్పుకోలేదు. అది ప్రభువుల ఆస్తి అన్నారు, అక్కడే ఉంచారు.

ఇప్పుడు నాలో మిగిలింది నలభై పేజీలు, ఒక అట్ట. పెద్దగా చూడ్డానికేమీ లేదు కాబట్టి కిటికీలోంచి చూస్తుంటాను. ఓడ ఆగినప్పుడల్లా దొరలూ దొరసానులూ ఆవరణలోకి వస్తారు. ఆ ఫలకం మీది వంశం, బిరుదులు, ఉద్యోగాలు గొంతెత్తి చదువుతారు. టోపీలు తీసి, తలలు వంచి, ఖాళీ సమాధి ముందు రెండు నిమిషాలు నిలబడతారు. దానియేలు పొడి నలుపుతూ వాళ్ళను చూస్తాడు. కింద ఎవరూ లేరని ఇంతవరకు ఒక్కరికీ చెప్పలేదు.