బావగారి కోటు

ఈ కోటు నా చేతిమీదికి ఎప్పుడు వచ్చింది, దీన్ని మోసుకుని నేను ఎక్కడికి వెళుతున్నాను? నన్ను నేను అడుగుతూనే నడుస్తున్నాను. కాళ్ల కింద నేల లేదు, పరుపులున్నాయి. శేషగిరి బావగారు ఊరంతటికీ అంటగట్టిన అయస్కాంతపు పరుపులే అవి, అడుగు వేసిన చోటల్లా లోపలికి దిగిపోతూ, కల్యాణమంటపం గుమ్మాన్ని ఎప్పటికప్పుడు దూరం జరుపుతున్నాయి. ఎలా దాటానో తెలియదు, లోపల ఉన్నాను. కుర్చీలు లేవు. ఒకరి ఒడిలో ఒకరు కూర్చుని పైకప్పు దాకా మనుషులే, అందరికంటే పైన, ఫ్యాను రెక్కలకు తల తగిలేంత ఎత్తులో, నెల క్రితం గుండె ఆగి పోయిన మా బావగారు. నా చేతిమీదున్న కోటే ఆయన ఒంటిమీదా ఉంది. అది నాకు వింతగా తోచదు.

"రావోయ్ వేదాంతీ," అంటారాయన. "నేను బతికుండగా ఒక్క మీటింగుకీ రాలేదు. ఇప్పుడు తీరిందా?"

"మీ స్థానం ఖాళీగా ఉండకూడదని కంపెనీవాళ్లు పట్టుబట్టారు బావగారూ. ఇవాళ మీ కోటు తొడిగి నన్ను వేదిక ఎక్కిస్తారట. మాష్టారి మాటంటే జనానికి గురి అట."

"ఉండదా మరి. సత్యమంటే ఏంటో కాలేజీలో జీతం పుచ్చుకుని చెప్పినోడివి." ఆయన మెడ తడుముకుంటారు. "ఇక్కడేదో గుచ్చుకుంటోంది, చూడు."

నేను చెయ్యి చాస్తాను; మెడపట్టీ అవతలికి తిరిగిపోతుంది.

"నా సంతాపసభలో చప్పట్లు కొట్టారటగా?"

"మౌనం పాటించాక మీ పేరు చదివారు. అలవాటు కొద్దీ కొట్టేశారు."

"గట్టిగా కొట్టారా?"

"అక్కయ్య లేచి లోపలికి వెళ్లిపోయింది."

మంటపం గోడలు ఉన్న చోట ఇప్పుడు గోదావరి నీళ్లు కదులుతున్నాయి, మేమిద్దరం రేవు దాటించే పంటు మీద నిలబడి ఉన్నాం, అయినా ఆయన ఇంకా పైనే ఉన్నారు.

"గొలుసు కంపెనీ అని ఊరంతా ఎగతాళి చేసేది. నీ మొహంలోనూ ఆ మాట కనపడేది. నోటితో ఎందుకనలేదోయ్?"

"మీరు మనసారా నమ్మారు. నమ్మి చెప్పే అబద్ధాన్ని ఏమనాలో నాకు తేలలేదు."

"తేలేదాకా పుస్తకాలు చదూకుంటూ కూర్చున్నావు."

"ఒకటి అడుగుతాను. ప్రతివాడి కిందా ఇద్దరు చేరాలన్నారు కదా. మరి చివరివాడి కింద ఎవరుంటారు?"

"చివరివాడంటూ ఉండడని మాకు నేర్పారు," అంటూ ఆయన మొదటిసారి కిందికి చూస్తారు.

కింద, అందరి బరువూ మోస్తూ, మా ఎదురింటి కుసుమ పికో మిషను ముందు కూర్చుని చీర అంచు కుడుతోంది. ఆ అంచు తెగకుండా అందరి నడుములనూ చుట్టుకుంటూ పాకి బావగారి మెడ దాకా వెళ్లింది. "మాష్టారు కోటు తొడిగితే నేనూ చేరతానండి, మిషను అమ్మడానికి బేరం కుదిరింది," అంటుంది తల ఎత్తకుండా. నిన్న గుమ్మంలో నాతో అన్న మాటే. ఆమె కింద పరుపు లేదు. నేలా లేదు.

"ఆ అమ్మాయి కింద ఎవరూ లేరు బావగారూ."

"చూశాను," అంటారాయన మెల్లగా. "ముందు నా మెడ సంగతి చూడవోయ్."

నేను పట్టీ పట్టుకుంటాను. మంటపమంతా చప్పట్లు కొడుతుంది.

కళ్లు తెరిచాను. తెల్లవారింది. తలుపు కొక్కేనికి కోటు వేలాడుతోంది. కంపెనీ కుర్రాడు నిన్న ఇస్త్రీ చేయించి తెచ్చి, "సార్‌దేనండీ" అని ఇచ్చి వెళ్లినది. లేచి మెడపట్టీ తిప్పి చూశాను. లాండ్రీవాళ్లు చీటీ గుచ్చిన పిన్ను అలాగే ఉండిపోయింది, మొన పైకి లేచి ఉంది. దాని పక్కన చెరగని సిరాతో రాసిన పేర్ల మొదటి అక్షరాలు, ఒకదాని కింద ఒకటి, అన్నీ కొట్టేసి ఉన్నాయి. అన్నిటికంటే కింద ఒక "శే". బావగారు తనదనుకుని గర్వంగా తొడుక్కున్న కోటు ఎందరి ఒంటిమీదో తిరిగింది. అడుగున కొంచెం ఖాళీ జాగా ఉంది.

నేను తొడగను.

కోటు తీసుకుని, చెప్పులు కూడా వేసుకోకుండా వీధి దాటాను. కుసుమ గుమ్మంలో కూర్చుని, కొనేవాళ్లు వస్తారని మిషనుకి నూనె రాస్తోంది.

"మిషను అమ్మొద్దమ్మా. నేను వేదిక ఎక్కడం లేదు. అది నిలబడే కంపెనీ కాదు. చివర చేరినవాళ్లే ముందు మునుగుతారు."

ఆమె చేతిలో గుడ్డ ఆగింది. "నిన్న చెప్పలేదేం మాష్టారూ?"

ఆ గుమ్మంలోనే నిలబడి, ఆమె వింటుండగా, కోటు తీసుకుపొమ్మని కంపెనీవాళ్లకి ఫోను చేశాను.