కిటికీ సీటు

మా ఆయన లిఫ్టుల మెకానిక్. ఊళ్ళో జనాన్ని పైకి చేర్చే మనిషి, ఇంట్లో మాత్రం నా ప్రాణం మీదకి తెస్తుంటారు. ఈమధ్య ఇంట్లో కరెంటూ నీళ్ళూ ఆదా చేసి భూమిని కాపాడాలని పట్టుబట్టారు. ముందు హాల్లో లైట్లన్నీ పీకేసి ఒక్కటే ఉంచారు. నేనేమో ఇంట్లోనే కర్టెన్లు కుట్టి షాపుకిస్తాను. ఆ వెలుతుర్లో నాకు సూదీ కనపడదు, దారమూ కనపడదు. ఎదురుగా ఈయన మొహంలో సంతోషం మాత్రం కనపడుతుంది.

ఇంట్లో ధారాళంగా వెలుతురొచ్చే చోటు ఒక్కటే, హాలు కిటికీ. అక్కడ మా మామయ్య కుర్చీ ఉంటుంది. ఆయన బస్సు కండక్టరుగా చేసి రిటైరయ్యారు. సర్వీసంతా నిలబడే ఉన్నారు కాబట్టి ఇప్పుడు కిటికీ పక్కనుంచి లేవరు.

"మామయ్యా, కుర్చీ కాస్త ఇటు జరిపితే నా మిషను అక్కడ పెట్టుకుంటాను," అని అడిగాను.

"రిజర్వుడమ్మా," అన్నారు.

కాపురానికొచ్చిన దగ్గర్నుంచీ నాతో ఆయన మాట్లాడేది ఇలాంటి ముక్కలే. కూర బాగుంటే నోరు మెదపకుండా తింటారు. బాగోకపోతే ఆ సంగతి పక్కింటివాళ్ళకి కూడా తెలుస్తుంది.

లైట్ల గొడవ అయిపోయిందనుకుంటే మా ఆయన పైపుల మీద పడ్డారు. పిచ్చి కుదిరింది, రోకలి తలకు చుట్టమన్నట్టుంది వ్యవహారం. వాషింగ్ మెషిన్ వదిలే నీళ్ళని డ్రమ్ములో పట్టి, చిన్న మోటారుతో మామయ్య బాత్‌రూమ్ ఫ్లష్ ట్యాంకులోకి ఎక్కించారు.

"నాన్నకి చెప్పకు. ప్రయోగమంటే ఒప్పుకోరు," అన్నారు.

"మన బాత్‌రూమ్‌కే పెట్టొచ్చుగా?"

"ముందు ప్రయోగం ఫలించనీ."

ఆ వారమే షాపువాళ్ళు ఓ నాటకాల హాలుకి తెర కుట్టమని ఎర్ర గుడ్డ పంపారు. కుట్టాక కుంచించుకుపోకుండా గుడ్డని ముందే ఉతకాలి. రోజూ కొంత మెషిన్లో వేస్తూ వచ్చాను.

రెండు మూడు రోజుల్లో మామయ్య మారిపోయారు. భోజనం దగ్గర, "కూర బాగుందమ్మాయ్," అన్నారు. నా చేతిలోంచి గరిటె జారింది. ఎందుకంటే ఆ కూర మాడింది. సాయంత్రం తన డ్యూటీ సంచీ, ఈల తెచ్చి నా మిషను మీద పెట్టారు. తుడుస్తానన్నా ముట్టుకోనివ్వని వస్తువులు అవి.

"నీ దగ్గరుంచుకో. ఆ కిటికీ కూడా నువ్వే తీసుకో," అన్నారు.

"మరి మీరో?"

"నా స్టేజీ దగ్గరికొచ్చేసిందిలే. దిగిపోయేవాడికి కిటికీ సీటెందుకు?"

ఏదో వైరాగ్యం అనుకున్నాను. నిజం చెప్పొద్దూ, ఎక్కువ ఆలోచించలేదు కూడా. మిషను కిటికీ దగ్గరికి లాక్కుని కూర్చున్నాను. గుడ్డ మీద ఎండ పడుతుంటే, కుట్టు వంకర పోకుండా వస్తుంటే, ప్రాణం లేచొచ్చింది. మామయ్య మాత్రం గదిలో గోడవైపు తిరిగి పడుకున్నారు.

మర్నాడు ఆయన బాత్‌రూమ్ కడుగుదామని వెళ్ళి కమోడ్ మూత ఎత్తాను. లోపల నీళ్ళు ఎర్రగా ఉన్నాయి. రక్తమేమో అనుకున్నాను. ఫ్లష్ నొక్కాను. ఇంకా ఎర్రగా వచ్చాయి. అప్పుడర్థమైంది, ఆ రంగు మామయ్యది కాదు, నా తెరది. పడీపడీ నవ్వాను. నవ్వుతుండగానే ఆయన స్టేజీ మాట గుర్తొచ్చి నోరు మూతపడింది. కళ్ళజోడు తీసేసి లోపలికెళ్ళే మనిషి, రోజూ ఇది చూసి, ఏదో పెద్ద రోగమే పట్టుకుందనుకుని, ఎవరితోనూ అనకుండా సంచీ అప్పగించేశారు.

చెబితే కిటికీ పోతుంది. ఆ ఆలోచన వచ్చినందుకు నా మీద నాకే ఒళ్ళు మండింది. తడి చేతులతోనే ఆయన గదిలోకి వెళ్ళాను.

"మామయ్యా, అది రక్తం కాదు. నా తెర గుడ్డ రంగు. మెషిన్ నీళ్ళు మీ ఫ్లష్‌కి పెట్టారు మీ అబ్బాయి."

మామయ్య లేచి కూర్చున్నారు. "నువ్వు కళ్ళారా చూశావా?"

"నొక్కి మరీ చూశాను."

ఆయన తువ్వాలుతో మొహం తుడుచుకున్నారు. "చాలా భయమేసిందమ్మాయ్," అన్నారు. నాకూ ఏడుపొచ్చింది. అంతలోనే ఆయన గొంతు మామూలైపోయింది. "వాణ్ణి ఇంటికి రానీ."

ఆ సాయంత్రం మా ఆయనకి జరిగిన మర్యాద ఇక్కడ రాయను. పైపు మాత్రం మా బాత్‌రూమ్‌కి మారింది.

మర్నాడు పొద్దున్నే నా మిషను కిటికీ దగ్గర్నుంచి ఇవతలికి లాగుతున్నాను. వెనకాల ఈల వినపడింది. తిరిగి చూస్తే మామయ్య, ఒక చేతిలో కుర్చీ, నోట్లో ఈల.

"ఎవరు లెమ్మన్నారు?" అన్నారు.

"మీ సీటు కదా మామయ్యా."

"నా బస్సులో ఒక్క సీట్లో ముగ్గుర్ని కూర్చోబెట్టాను. కాస్త సర్దుకో."

కుర్చీని మిషను పక్కన ఇరికించుకుని కూర్చున్నారు. నేను కుట్టు మొదలుపెట్టాను గానీ మనసు ఊరుకోలేదు.

"మొన్న కూర బాగుందన్నారు, నిజంగానేనా?"

"పోయేముందు ఒకరి మనసు కష్టపెట్టడం ఎందుకని అన్నాను. మాడింది," అన్నారు మామయ్య. ఆ తర్వాత కుర్చీ ఇంకో బెత్తెడు పక్కకి జరుపుకున్నారు, వెలుతురు నా గుడ్డ మీద పడేలా.