బాస్ పెట్టెకి బొట్టు

శ్రీరమ్య బాస్ గిటార్ తీగ మీటింది. పక్కనున్న ఆంప్లిఫయర్ కిక్కురుమనలేదు.

పర్చూరు ఫంక్షన్ హాల్లో పెళ్లి రిసెప్షన్. చీరాల ఆర్కెస్ట్రాతో ఆమెకిది మొదటి ప్రోగ్రాం. బృందం నడిపే ఆదాం గారికి బాస్‌కి వేరే మనిషెందుకన్న అనుమానం ఇంకా తీరలేదు. ఇన్నాళ్లూ కీబోర్డు వేణుగోపాల్ ఎడమచేత్తోనే ఆ పని లాగించేశాడు మరి. ఈ సాయంత్రం మెప్పిస్తే బృందంలో ఉంటుంది, లేకపోతే లేదు. పైగా ముందు వరసలో అత్తగారు వెంకటేశ్వరమ్మ, తమ మగ్గం మీద నేసిన పట్టుచీర కట్టుకుని మరీ వచ్చి కూర్చుంది.

“ఏందమ్మా, మొదలెట్టకముందే మూగబోయింది?” ఆదాం మైకు చేత్తో మూసి అడిగాడు. “వేణు రెండు పాటలు లాగిస్తాడు. ఈలోగా చూసుకో. తేలకపోతే ఇయ్యాల్టికి వదిలేద్దాం.”

ఇయ్యాల్టికి అంటే ఇక ఎప్పటికీ అని శ్రీరమ్యకి తెలుసు. అయినా ఆంప్లిఫయర్ పెట్టె ముందు మోకాళ్ల మీద కూర్చుంది. ఆ పెట్టె సంగతి ఆమెకి తెలిసినంతగా ఆ పెట్టెకే తెలీదు.

“రెండు గుద్దులు గుద్దండి, అదే వచ్చుద్ది,” అన్నాడు వేణుగోపాల్.

“గుద్దితే పలకటానికి ఇదేమన్నా మద్దెలాండీ?”

ఏదన్నా చెడిందంటే ఇల్లు పీకి పందిరేసే రకం కాదు శ్రీరమ్య. ఒక్కోదాన్నీ పిలిచి విచారిస్తుంది. ముందు వాల్యూమ్ సున్నాకి తిప్పింది. ఎర్రలైటు వెలుగుతోంది, కరెంటుకి లోటు లేదు. లీడ్ గిటార్ వాళ్ల వైరు అడిగి మార్చి, వాల్యూమ్ కాస్త పెంచి చూసింది. ఉహూ. గిటార్లో బ్యాటరీ పొద్దున వేసిందే. చివరికి ఫోను వైరుని పెట్టె వెనక రెండో కన్నంలో పెట్టి ఒక పాట నొక్కింది. పాట గుండ్రంగా, శుభ్రంగా వినపడింది. అంటే స్పీకరు బాగుంది, లోపలి సరంజామా బాగుంది. ఇల్లంతా క్షేమమే, గొడవల్లా గుమ్మం దగ్గరే.

గిటార్ వైరు దూరే ముందరి కన్నంలోకి ఫోను లైటు వేసి చూసింది. లోపల పచ్చగా గంధం, అందులో ఎర్రగా కుంకుమ!

నిన్న ఇంట్లో ఆయుధపూజ. అత్తగారు మగ్గానికి, అందులో అటూఇటూ పరుగెత్తే నాడెకి, రాట్నానికి బొట్లు పెట్టి, కోడలి పెట్టె దగ్గరికీ వచ్చింది. పెట్టె ముఖాన ఆ కన్నమొక్కటే గుండ్రంగా, నుదుటిలా కనపడిందేమో, సరిగ్గా అక్కడే గంధం అద్ది, మీద కుంకుమ పెట్టింది. పొద్దున శ్రీరమ్య హడావిడిలో పైపైన తుడిచింది. ఇక్కడ వైరు గుచ్చగానే మిగిలిన గంధమంతా లోపలికి పోయి కూర్చుంది.

శ్రీరమ్యకి ఒళ్లు మండిపోయింది. తలెత్తి చూస్తే వెంకటేశ్వరమ్మ పెట్టె వంకే చూస్తూ రెండు చేతులూ జోడించి ఉంది. ఇంటిల్లిపాదికీ బువ్వ పెడుతున్న మగ్గం పక్కన కోడలి పెట్టెని నిలబెట్టి పూజ చేసిన మనిషి. కోపం ఎటు పోయిందో పోయింది, కళ్లు చెమర్చాయి.

స్విచ్చి ఆపి, ప్లగ్గు కూడా పీకేసింది. చెవిలో తిప్పుకునే దూదిపుల్లకి సంచీలోని క్లీనర్ స్ప్రే కొట్టి కన్నంలో తిప్పింది. పుల్ల పచ్చగా వచ్చింది. ఇంకోటి తిప్పింది, మరోటి తిప్పింది. పుల్ల తెల్లగా బయటికొచ్చాక వైరు మొన తుడిచి, నాలుగుసార్లు గుచ్చి తీసింది. తడి ఆరేదాకా ఓపిగ్గా ఆగింది. అప్పటికి వేణుగోపాల్ రెండో పాట ఆఖరి చరణంలో ఉన్నాడు.

ప్లగ్గు పెట్టి, స్విచ్చి వేసి, వాల్యూమ్ మెల్లిగా పెంచింది. ఒక్కసారి చిటపటమంది. మరుక్షణం స్టేజీ చెక్కలు అదిరేలా స్వరం పలికింది.

మూడో పాటకి పెళ్లికొడుకు స్నేహితులు కుర్చీలు వెనక్కి నెట్టి చిందులేశారు. పాటవగానే ఆదాం దగ్గరికొచ్చి, “రేపు దర్శి ప్రోగ్రామ్‌కి వ్యాన్ మధ్యాన్నమే బయల్దేరుద్దమ్మా, ఆలీసం చెయ్యమాక,” అన్నాడు. శ్రీరమ్యకి అది చాలు.

విరామంలో వెంకటేశ్వరమ్మ గబగబా స్టేజీ దగ్గరికి వచ్చింది. ముఖం వెలిగిపోతోంది.

“చూశావటే రమ్యా! నా బొట్టు మహిమ కాకపోతే అంతలా మోగుద్దా?”

శ్రీరమ్య నవ్వాపుకుంది.

“అవునత్తయ్యా. వచ్చే దసరాకి కూడా మీరే పెట్టాలి. కాకపోతే పైన పిడికి పెట్టండి. ముఖాన పెడితే మరీ లోపలిదాకా పనిచేస్తంది.”