కుడివైపు లేచిన పోగులు

ఆ వీధిలో ఆయన్ని టైలరని ఎవరూ అనరు, భూతద్దం అంటారు. నిలబడితే గుండె మీద, వంగితే గుడ్డ మీద వేలాడేలా నల్లదారానికి కట్టిన భూతద్దం ఒకటి ఎప్పుడూ ఆయన మెడలో ఉంటుంది. ఒకసారి చొక్కా గుండీ ఊడిందని ఒక మనిషి వస్తే, ఊడినచోట మిగిలిన దారప్పోగును ఆ అద్దంలో చూసి, "ఇది ఊడింది కాదు, లాగింది. ఇంట్లో గొడవ పడ్డారా?" అని అడిగాడట. ఆ మనిషి గుండీ మాట మరిచిపోయి స్టూలు మీద కూలబడి గంటసేపు ఏడ్చాడట. ఏడవగా తాము కళ్లారా చూశామని చెప్పేవాళ్లు వీధిలో నలభై మంది తేలతారు. ఆ కొట్లో ఒక్కసారికి పట్టేది ముగ్గురు.

అంతటి మనిషి కొట్లోనే నెల తిరక్కుండా మూడు పట్టుగుడ్డలు పాడయ్యాయి.

మొదట ఒక కోటు లైనింగు, తర్వాత డాక్టరుగారి చొక్కా, ఆ తర్వాత ఎవరిదో గౌను. బల్ల మీద పరిచినప్పుడు గుడ్డ నిలిచిన నీళ్లలా నున్నగా ఉంటుంది. కొలిచి, సుద్దతో గీసి, కత్తిరించి ఎత్తేసరికి సన్నటి పోగులు పైకి లేచి, పిల్లి గీరినట్టు గీతలు కనబడతాయి. పిల్లినే అనుమానిద్దామంటే ఆ వీధిలో పిల్లి లేదు. ఉన్న ఒక్కటీ భూతద్దం చూపు భరించలేక వలస పోయిందని జనం చెప్పుకుంటారు.

ఆయన ముక్కలన్నీ మళ్లీ బల్ల మీద యథాస్థానంలో పేర్చి, పోగు లేచిన చోటల్లా గుండుసూది గుచ్చి చూశాడు. మూడు గుడ్డల్లోనూ సూదులన్నీ కుడివైపే తేలాయి. ఎడమవైపు ఒక్కటంటే ఒక్కటి లేదు.

బల్లకు ఇవతల ఆయన నిలబడతాడు. అవతల కోడలు నిలబడి గుడ్డ అంచులు పట్టుకుంటుంది. కోడలిది ఎడమచేతి వాటం. ఎదురుగా నిలబడ్డ మనిషి ఎడమచెయ్యి ఆయన కుడివైపుకే వస్తుంది. ఈ లెక్క తేలిన రోజు ఆయనకు అన్నం సయించలేదు.

కొడుకు బస్సు నడుపుతాడు, ఇల్లు అతనికి నిద్రపోవడానికే. కొట్లో ఉండేది ముగ్గురు. భార్య కాజాలు కుట్టి, గుండీలు వేస్తుంది. కోడలు ఇస్త్రీ చేస్తుంది, గుడ్డ పట్టుకుంటుంది, రెండేళ్లుగా కత్తిరింపు నేర్చుకుంటోంది. తన చేతివాటానికి సరిపోయే కత్తెర ఒకటి వెతికి వెతికి కొనుక్కుంది. దానితో ఇప్పటిదాకా లైనింగులే కోసింది. ఎప్పటికైనా పట్టు కొయ్యాలని ఆ పిల్లకు ఆశ. బల్ల దగ్గర నిలబడే ఆ కాస్త చోటు కోసం పొద్దున్నే లేచి ఇంటిపని ముగించుకు వస్తుంది.

సోమవారం పాటల టీచరు ఒక మూట పట్టుకొచ్చింది. విప్పితే నెమలి మెడ రంగు పట్టు.

"మా అమ్మ దాచిపెట్టింది. ఇలాంటిది ఇంక ఎక్కడా దొరకదు. వచ్చేవారం కచేరీకి గౌను కావాలి" అంది. మూట ఇచ్చాక కూడా చెయ్యి తియ్యలేదు. "డాక్టరుగారి చొక్కా సంగతి విన్నాను మాస్టారూ."

"ఎవరు చెప్పారు?"

"డాక్టరుగారే. ఆ చొక్కా వేసుకునే చెప్పారు."

ఆమె వెళ్లాక ఆయన మూటను బీరువాలో పెట్టి తాళం వేశాడు. తాళంచెవి భూతద్దం పక్కనే మెడలో చేరింది. అప్పుడు భార్యకు మాత్రమే వినబడేలా అన్నాడు: "శుక్రవారం ఇది కొయ్యాలి. ఈలోగా ఆ చెయ్యి ఎవరిదో పట్టుకుంటాను. దొరికిందా, ఆ చెయ్యి ఇక ఈ బల్ల మీద పడదు."

"ఎవరి చెయ్యైనా సరేనా?"

"ఎవరి చెయ్యైనా సరే."

భార్య నోరు తెరిచింది. ఏదో అనబోయి, దారం పళ్లతో కొరికి, మళ్లీ కాజాలో పడింది. ఆ కొరకడంలో ఏదో ఉందని ఆయనకు తోచింది. అత్తాకోడళ్లు ఈమధ్య గుసగుసలాడుకుంటున్నారు. తను గదిలోకి రాగానే ఇస్త్రీపెట్టె గురించి మాట్లాడుకుంటారు. ఇస్త్రీపెట్టె గురించి అంత మాట్లాడటానికి ఏముంటుంది?

వాసన సంగతి సరేసరి. రోజూ భోజనమయ్యాక ఆయన గోడవైపు మంచం మీద ఓ గంట కునుకు తీస్తాడు. కుడిచెయ్యి చెంపకింద పెట్టుకుని, ఎడమచెయ్యి మంచం బయటికి వేలాడేసి, నలభై ఏళ్లుగా అదే భంగిమ. ఈమధ్య లేచేసరికి మైనంలాంటి వాసనేదో ముక్కుకు తగులుతోంది. దిండు ఉతికించాడు. పోలేదు. దుప్పటి మార్చాడు. పోలేదు.

మంగళవారం గుండీల సొరుగు కెలుకుతుంటే అడుగున గుడ్డపేలికలో చుట్టిన రేకుడబ్బా ఒకటి దొరికింది. మూత తీస్తే అదే మైనం వాసన. లోపల తెల్లటి క్రీము, సగం ఖాళీ.

ఇక్కడ ఒక మాట చెప్పాలి. ఆ కొట్టుకు ఒకటే చట్టం: చేతికి జిడ్డు తగలకూడదు. పని నేర్చుకునే రోజుల్లో ఆయన తెల్లపట్టు మీద నూనెవేలి ముద్ర వేస్తే, గురువుగారు ఆ గుడ్డను రుమాలుగా కుట్టి ఏడాదిపాటు ఆయన మెడకు కట్టి తిప్పారు. ఆ ఏడాదే మెడ ఒక అంగుళం పొడుగు సాగిందని ఆయన చెబుతాడు. ఆనాటినుంచి నూనె ముట్టలేదు, క్రీము ముట్టలేదు. రోజుకు ఎనిమిదిసార్లు సబ్బుతో చేతులు కడగడం, తుడవడం, అరచేతులకు సుద్దపొడి అద్దుకోవడం. చలికి చర్మం నెర్రెలిచ్చి రక్తం చిమ్మినా అంతే.

డబ్బా బల్ల మీద పెట్టి కోడల్ని పిలిచాడు.

"ఇదేంటమ్మాయ్?"

"చేతులకు రాసుకునేది, మావయ్యా."

"ఎవరి చేతులకు?"

కోడలు అత్తవైపు చూసింది. "వయసు మళ్లిన చేతులకు."

"నీకు ముప్ఫై రెండు."

"నావని నేను అనలేదుగా."

"నావే" అంది భార్య కాజా మీంచి తలెత్తకుండా.

ఆయన వెళ్లి ఆవిడ చేతులు తీసుకుని అద్దంలో తిప్పితిప్పి చూశాడు. "ఇవి ఎప్పుడెలా ఉన్నాయో అలాగే ఉన్నాయి. డబ్బాలో సగం లేదు. ఆ సగం ఎటుపోయింది?"

"గాలికి ఆరిపోయింది."

"మూత పెట్టే ఉంది."

"మూత పెట్టకముందు ఆరింది" అంది భార్య. "అయినా పెళ్లాం చేతులు ఇన్నేళ్లకు పట్టుకున్నారు. దొంగతనం జరిగితేగానీ పట్టుకోరేమో."

కోడలు పక్కకు తిరిగి నవ్వాపుకుంది. ఆ నవ్వు కూడా ఆయన లెక్కలో రాసుకున్నాడు.

బుధవారం పొద్దున్నే ఉచ్చు పన్నాడు. టీచరు పట్టు ముట్టుకోలేదు. పాత పట్టుముక్క ఒకటి తీసి, వెలుతురులో పట్టుకుని, అంగుళం అంగుళం అద్దంలో చూశాడు. మచ్చ లేదు, గీత లేదు. అత్తాకోడళ్లిద్దరినీ లోపలి ఇంట్లోకి పొమ్మని, నడిమి తలుపు గడియ వేశాడు. వీధితలుపు మూశాడు. కిటికీ కూడా మూసి, గాలిని సైతం నమ్మలేక సందులో గుడ్డ కుక్కాడు. రోజూ కడిగే ఎనిమిదిసార్లలో మొదటిసారి చేతులు కడుక్కుని, సుద్ద అద్దుకుని, ముక్కను బల్ల మీద పరిచి, రెండు అరచేతులతో మధ్యనుంచి అంచులకు సర్ది, గీతలు గీశాడు. ఇంతసేపూ ఈగ వాలలేదు. వాలితే దాని కాళ్లూ చూసేవాడే.

అద్దం పెట్టి వంగాడు. ఏడు పోగులు లేచి ఉన్నాయి. ఏడూ కుడివైపే.

సరే, మనుషులు కాకపోతే బల్ల అనుకున్నాడు. బల్లకు ఎక్కడైనా పేడు లేచిందేమో చూడటానికి టైలర్లకు ఒక పద్ధతుంది. పిడికెడు దూది తీసుకుని చెక్క మీద నెమ్మదిగా తోముకుపోతారు. పేడు ఉన్నచోట దూది పట్టుకుంటుంది. ఆయన కుడిచేత్తో దూది పట్టుకుని బల్లంతా తోమాడు. చెక్క ఎక్కడా పట్టుకోలేదు. బల్ల మీద దూదిపోగన్నది లేదు.

దూది పారేద్దామని చెయ్యి విదిలించాడు. అది పడలేదు. మళ్లీ విదిలించాడు. బొటనవేలికి, చూపుడువేలికి, అరచేతి అంచుకు పట్టుకుని వేలాడుతోంది.

మెల్లగా అదే దూదిని ఎడమచేతిలోకి మార్చుకున్నాడు. పిసికి, వదిలేశాడు. జారి నేలమీద పడింది.

నలభై ఐదేళ్లలో మొదటిసారి ఆయన భూతద్దం గుడ్డను వదిలి కుడిచేతి మీదికి వచ్చింది. వేళ్లకొసలు ఆకురాయిలా ఉన్నాయి. పగుళ్ల అంచుల్లో చర్మం చిన్నచిన్న ముళ్లలా లేచి ఉంది. చెయ్యి బోర్లించాడు. పైన చర్మం ఉల్లిపొరలా పల్చబడి ముడతలు పడింది, గోధుమరంగు మచ్చలు తేలాయి. గిల్లి వదిలితే మడత సర్దుకోవడానికి చాలాసేపు పట్టింది. ఎవరో ముసలాయన చెయ్యి తెచ్చి తన మణికట్టుకు అతికించినట్టుంది.

ఎడమచెయ్యి అలా లేదు. ముడతలున్నాయి, మచ్చలున్నాయి, కానీ వేళ్లు మెత్తగా ఉన్నాయి. వాసన చూశాడు. మైనం.

తేలు కుట్టిన దొంగలా ఆయన కిక్కురుమనకుండా పట్టుముక్క మడిచి దాచేశాడు. తలుపులు తీశాడు. "దొరికిందా?" అంది భార్య. "ఒకటి దొరికింది. ఇంకొకటి దొరకాలి" అన్నాడు. అనుమానం అనేది ఆయనలో అంత తొందరగా చల్లారే పొయ్యి కాదు. కుడిచెయ్యి పాడు చేసింది తానే, సరే. ఎడమచెయ్యి బాగు చేసిందెవరు?

గురువారం భోజనం చేసి ఎప్పటిలాగే పడుకుని, ఎప్పటిలాగే గురక మొదలుపెట్టాడు. దొంగ గురక మామూలు గురకకంటే కాస్త బాగా వచ్చింది. ఒక కన్ను సూది బెజ్జమంత తెరిచి ఉంచాడు.

అత్తాకోడళ్లు పిల్లుల్లా వచ్చారు. కోడలు గుమ్మంలో కాపలా నిలబడింది. భార్య మంచం పక్కన కూర్చుని, గోరువెచ్చటి తడిగుడ్డతో వేలాడుతున్న ఎడమచేతిని తుడిచి, పొడిగుడ్డతో అద్ది, డబ్బా మూత తీసింది.

"తడి పూర్తిగా ఆరకముందే రాయాలి అత్తయ్యా. గోళ్ల చుట్టూ కూడా" అని కోడలు గుసగుసగా చెప్పింది. "పైన మిగిలింది తుడిచెయ్యండి. జిడ్డు ఉంటే పసిగడతారు."

"కుడిచెయ్యి ఎప్పుడు దొరుకుతుందే మనకి? మూడు నెలలైంది. ఆ చెంప లేపరు కదా ఈయన."

"శుక్రవారం పట్టు కొయ్యాలి అత్తయ్యా. మళ్లీ పోగులు లేస్తే నా మీదే పడుతుంది. నన్ను ఇక బల్ల దగ్గరికి రానివ్వరు."

గురక ఆగింది. కళ్లు మూసుకునే ఆయన చెంపకిందనుంచి కుడిచెయ్యి లాగి ముందుకు చాచాడు.

"ఇదుగో, దొరికింది" అన్నాడు.

భార్య చేతిలో డబ్బా మూత నేలమీద పడి గిరగిరా తిరిగి, తిరిగి, ఆగింది.

"ముందే చెప్పొచ్చుగా" అన్నాడు ఆయన లేచి కూర్చుని.

"ఏమని చెప్పాలి? మీ చేతులు ముసలివైపోయాయనా?" అంది భార్య. "పోయినేడు చూపు మందగించిందంటే కళ్లద్దాల కొట్టువాడి మీద అనుమానపడ్డారు. వాడు అక్షరాలు చిన్నవి రాయించాడని వీధంతా చాటారు."

ఆ కొట్టువాడి మీద ఆయనకు ఇంకా కాస్త అనుమానం ఉంది.

కోడలు గుమ్మం దగ్గరే నిలబడి నేల చూస్తూ చెప్పింది: "వయసొస్తే చర్మంలో ఉన్న జిడ్డే తగ్గిపోతుంది మావయ్యా. ఆ మిగిలింది సబ్బు తీసుకుపోతుంది, సబ్బుకు దొరకనిది సుద్ద పీల్చేస్తుంది. రాత్రిళ్లు రాసుకుని నూలు చేతితొడుగులు వేసుకోండి. పొద్దున్నే ఒకసారి కడుక్కుంటే గుడ్డకు ఏమీ అంటదు. అత్తయ్య రాసిన రోజుల్లో ఎడమచేత్తో ఎన్ని గుడ్డలు సర్దారో చూడండి. ఒక్క మరకైనా పడిందా?"

పడలేదు. ఆ సంగతి ఆయన అద్దానికే బాగా తెలుసు.

"ఈ కుడిది రేపటికి అవుతుందా?"

"రెండు మూడు వారాలు పడుతుంది."

శుక్రవారం పొద్దున ఆయన మెడలోంచి తీసిచ్చిన తాళంచెవితో బీరువా తెరిచి నెమలి మెడ రంగు పట్టు బయటికి తీసింది కోడలు. ఆయన ముట్టుకోలేదు. రెండు చేతులకూ నూలు తొడుగులతో, వీపు వెనక చేతులు కట్టుకుని, బల్లకు అవతల నిలబడ్డాడు. తను ఎప్పుడూ నిలబడే చోటు ఖాళీగా ఉంది.

"అక్కడ నిలబడు" అన్నాడు.

"మీరో?"

"ఈ చెయ్యి బల్ల మీద పడదని మీ అత్తయ్యతో సోమవారమే అన్నాను. ఎవరిదైనా సరేనని కూడా అన్నాను. కావాలంటే అడుగు."

భార్య కాజా మీంచి తలెత్తి, "అన్నారు" అంది. "నేను అడిగి మరీ చెప్పించుకున్నాను."

కోడలు ఇవతలికి వచ్చింది. తన కత్తెర తీసి ఒకసారి గాలిలో ఆడించి, పట్టు పరిచింది. అది ఆమె చేతుల కింద చప్పుడు లేకుండా పరుచుకుంది. ఆయన అవతలినుంచి "అంచు, అంచు" అంటూనే ఉన్నాడు. "ఊపిరి బిగబట్టకు, కత్తెర వణుకుతుంది" అన్నాడు. ఊపిరి బిగబట్టింది ఆయనే.

చివరి ముక్క ఎత్తాక తొడుగు వేళ్లతోనే భూతద్దం పట్టుకుని వంగాడు. కుడివైపు చూశాడు. ఎడమవైపు చూశాడు. ఒకచోట ఆగిపోయాడు. కోడలి మొహంలో రంగు పోయింది.

"ఇదేంటి?"

భార్య వచ్చి వేలితో తీసి చూపించింది. "మీ తలవెంట్రుక. తెల్లదే. దాన్నీ విచారిస్తారా?"

మూడు వారాలకు కుడిచెయ్యి దూది వదలడం నేర్చుకుంది. గౌను వేసుకుని పాటల టీచరు పాడిందనీ, పాటకంటే గౌనునే జనం ఎక్కువ మెచ్చుకున్నారనీ, అందుకు ఆమె కాస్త చిన్నబుచ్చుకుందనీ వీధిలో అన్నారు. ఆయన మళ్లీ బల్ల దగ్గరికి వచ్చాడు, కానీ అవతలివైపే ఉండిపోయాడు. అక్కడ వెలుతురు బాగుంటుందట.

ఇప్పుడు మధ్యాహ్నం వెల్లకిలా పడుకుని, రెండు చేతులూ బయటికి చాచి కునుకు తీస్తాడు. భార్య రెండింటికీ రాస్తుంది. ఎడమచేతికి ఎక్కువ, కుడిచేతికి తక్కువ రాస్తోందని ఆయన అనుమానం. అందుకే డబ్బా లోపలి అంచున, క్రీము మట్టం దగ్గర, సుద్దతో సన్నటి గీత ఒకటి పెట్టి ఉంచాడు.