అయిదు ఇత్తడి కుట్లు

న్యూజీలాండ్‌లోని ఇన్వర్‌కార్గిల్‌లో నిరుపమ వారానికి రెండుసార్లు జూన్ ఆంటీ ఇల్లు శుభ్రం చేసేది. ఆ ఇంట్లో అద్దాల బీరువా నిండా పాతకాలపు ఇంగ్లండు పింగాణీయే. పగలనిది ఒక్కటీ లేదు. ఒక కప్పుకు రేకు పిడి, టీపాట్‌కు తగరపు ముక్కు, పళ్లేల వెనక బెజ్జాలు వేసి ముక్కల్ని కలిపి బిగించిన ఇత్తడి తీగ కుట్లు. పగిలి అతుకు పడినవే వెతికి వెతికి కొనుక్కునే మనిషిని నిరుపమ అంతకుముందు చూడలేదు.

ఎనభై దాటి, చూపు బాగా తగ్గాక ఆంటీ వృద్ధులుండే రెస్ట్ హోమ్‌కు మారింది. అక్కడి గదిలో బీరువాకు చోటేదీ? నీలం పూల పళ్లెం ఒక్కటే ఉంచుకుంది. "నువ్వే తీసుకురా నీరూ. ఇంకెవరి చేతికీ ఇవ్వను" అంది.

పళ్లెం ఇంటికి తెచ్చిన దగ్గర్నుంచీ నిరుపమకు ఒకటే బెంగ. పాకే పిల్ల అమృత, ఆ కుట్లు పీకి నోట్లో పెట్టుకుంటే? పైగా పెద్దావిడ కొత్తచోట పగిలిన పళ్లెమా పెట్టుకోవడం? బీటపడిన గిన్నె ఇంట్లో కనిపిస్తే అమ్మ ఊరుకునేది కాదు.

మధ్యాహ్నం పిల్ల నిద్రపోగానే కటింగ్ ప్లేయరుతో అయిదు కుట్లూ ఊడదీసింది. ముక్కల్ని సూపర్ గ్లూతో అతికి, బెజ్జాలు పూడ్చి, మెరిసేదాకా తుడిచింది.

"కొత్తది కొన్నావా ఏంటి?" అన్నాడు పని నుంచి వచ్చిన భర్త సాయినాథ్.

"పోండి, మీకన్నీ వేళాకోళమే. నిజంగా కనపడట్లేదా?"

"ఒట్టు. ఇంటర్ ఎలాగూ మధ్యలో ఆపేశావు, ఈ అతుకుల షాపేదో అప్పుడే పెట్టాల్సింది."

నవ్వుకుంటూ కుట్లు చెత్తలో పడేసింది. మర్నాడు పొద్దున్నే చెత్త లారీ వచ్చి పోయింది.

గురువారం పళ్లెం ఒళ్లో పెట్టగానే ఆంటీ దాన్ని వెనక్కి తిప్పి వేళ్లతో తడిమింది. మళ్లీ తడిమింది.

"ఇది నాది కాదమ్మా. వేరేది తెచ్చావు."

"మీదే ఆంటీ. బాగుచేశాను. అతుకే తెలీదు."

"కుట్లు ఏవి?"

నిరుపమకు ఇంగ్లీషు మాట తోచలేదు. చెత్తలో పడేశానని చేత్తో చూపబోయింది. ఆంటీకి సరిగా కనపడదు కదా. నోటితోనే చెప్పాల్సి వచ్చింది.



"ఊరూరా తిరిగే ఎవరో మనిషి గడప మీద కూర్చుని వేసి ఉంటాడు వాటిని" అంది ఆంటీ. "నూటయాభై ఏళ్లు పట్టుకుని ఉన్నాయి."

కోప్పడినా బాగుండేది.

"బీరువాలోంచి ఇంకోటి తెస్తాను ఆంటీ."

"అవన్నీ సోమవారమే వేలానికి వెళ్లిపోయాయిగా. పోనీలే. పాప నిలబడుతోందా?"

సోఫా పట్టుకుని నిలబడుతోందని నిరుపమ చెప్పింది. ఒక పన్ను కూడా వచ్చిందని చెప్పింది. ఆంటీ ఊఁ కొడుతూనే ఉంది. ఆమె బొటనవేలు మాత్రం పళ్లెం వెనక నునుపు మీద ఆగుతూ, కదులుతూ, వెతుకుతూనే ఉంది.