ఐదో వరస

‘లాంప్’ దొరికింది. ‘మైన్’ దొరికింది. ఆసుపత్రి వరండాలో బెంచీ మీద కూర్చున్న సదయ్య పేపరును నాలుగు మడతలు పెట్టి, అరచేతిలో ఆనించుకుని, అంచున ఆ రెండు మాటలూ పెన్సిలుతో రాసుకున్నాడు. ఏడు ఇంగ్లీషు అక్షరాలు ఇచ్చి, వాటితో ఎన్ని మాటలు కూర్చగలరో చూడండని ఆ పేపరువాళ్ళు రోజూ వేసే ఆట అది. సదయ్యకు టీ లేకుండా తెల్లారుతుందేమో గానీ, ఆ ఏడక్షరాలు లేకుండా తెల్లారదు.

“కండ్లు కనవడనోనికి పేపరేంది? లోపట పెట్టు,” పక్కనున్న భార్య రాజకుమారి గుడ్లురిమింది.

సదయ్య నాలుక కరుచుకుని పేపరును చొక్కాలోకి తోశాడు.

పొట్టి మనిషి. మెడ కాస్త ముందుకు వంగి ఉంటుంది. గని మూతి దగ్గర కూర్చుని ఏళ్ళ తరబడి హాలర్ యంత్రం నడిపిన మెడ అది. ఏటవాలుగా భూమిలోకి దిగే పట్టాల మీద, ఇనుప తాడు చివరన, సిమెంటు బస్తాలూ బోల్టులూ నింపిన చిన్న ఇనుప బండ్లను, టబ్బులను, కిందికి దించాలి. ఖాళీవి పైకి లాగాలి. కింద నుంచి గంట మోగితే కదపాలి, మళ్ళీ మోగితే ఆపాలి. గంటకూ గంటకూ నడుమ ఊరికే కూర్చోవాలి. ఆ ఊరికే కూర్చునే వేళల్లోనే సదయ్య హాలర్ ఇనుప మూత మీద సుద్దముక్కతో ఆనాటి ఏడక్షరాలూ రాసుకుని, వాటికేసి చూస్తూ ఉండేవాడు.

పదో తరగతిలో అతను తప్పింది ఇంగ్లీషు ఒక్కటే. మళ్ళీ రాద్దామనుకునేలోపు, దుమ్ముకు ఊపిరాడని తండ్రిని డాక్టర్లు పనికి పనికిరాడని తేల్చేశారు. ఆ ఉద్యోగం కొడుకుకిచ్చారు. ఇల్లంతా పండగ చేసుకుంది. ఆ సంబరంలో పరీక్ష మాట ఎవరికీ గుర్తు రాలేదు. సదయ్య మాత్రం మర్చిపోలేదు, పైకీ అనలేదు.

ఇప్పుడు అతని వంతు. రిటైర్మెంటు దగ్గరపడింది, ఈ ఏడు దాటితే ఆ దారి మూసుకుపోతుంది. ఈ రోజు డాక్టర్లు పనికిరాడని రాస్తే ఉద్యోగం కూతురు సంతోషికి వస్తుంది. డిగ్రీ చదివి, గోదావరిఖనిలో బట్టల షాపులో పొద్దస్తమానం నిలబడి చీరలు మడతపెడుతున్న పిల్ల. తమ వీధిలో ఒకాయనను కళ్ళు కనపడవనే పనికిరాడని రాశారని తెలిసిన దగ్గర్నుంచి, రాజకుమారి మొగుడికి కళ్ళు కనపడకపోవడం ఎలాగో నేర్పుతూనే ఉంది.

పొద్దున లేచినప్పటి నుంచి ఎడమ రొమ్ములో ఏదో పట్టేసినట్టుంది, భుజం దాకా లాగుతోంది. గ్యాసనుకుని సోడా తాగాడు. కళ్ళ గురించి అన్ని పాఠాలు వల్లెవేసిన మనిషికి, ఆ నొప్పి సంగతి కూడా ఇక్కడ చెప్పుకోవచ్చునని తట్టనే లేదు పాపం.

లోపల డాక్టరమ్మ పేరు ఆమని. కోస్తా నుంచి వచ్చిన అమ్మాయి, సంతోషి కంటే కాస్త పెద్దదేమో. గోడకున్న అక్షరాల పటం చూపించి, “మూడో వరస చదవండి,” అంది.

“మసక మసక ఉన్నది మేడం. అక్షరాలు అలికినట్టున్నయి.”

అంతవరకూ బాగానే నడిచింది. ఆమె వేరే అద్దం కోసం అటు తిరిగి డ్రాయరు వెతకసాగింది. సదయ్య చూపు తనంతట తానే పటం మీద కిందికి దిగింది. ఓ, టి, ఆర్, పి, ఇ. అక్షరాలు అలా చెదిరి పడి ఉంటే అతని మనసు ఊరుకోదు.

“రోప్,” అన్నాడు.

డ్రాయరు చప్పుడు ఆగింది.

“ఏమన్నారు?”

“ఏం లేదు మేడం.”

ఆమె పటం వైపు చూసింది, తర్వాత అతని వైపు. కోప్పడలేదు. చిన్నగా నవ్వింది. సదయ్యకు తల కొట్టేసినట్టయింది.

“అది ఐదో వరసండీ. మీ చూపుకేం ఢోకా లేదు.” కాగితం మీద ఏదో రాసి, కలం ఆపి అడిగింది. “ఇంకేమైనా బాధ ఉందా? ఆయాసం, ఛాతీలో నొప్పి?”

ఉంది. నోటి దాకా వచ్చింది. కానీ ఒక అబద్ధం దొరికిపోయాక రెండో మాట ఎవరు నమ్ముతారు? మళ్ళీ ఆ నవ్వు చూడలేననుకున్నాడు.

“ఏం లేదు మేడం. మంచిగనే ఉన్న.”

బయట సంగతి విని రాజకుమారి నెత్తి కొట్టుకుంది. “గా నోరు జరసేపు మూసుకుంటే ఏం పోయేది? బిడ్డ బతుకు ఆగం జేస్తివి గదా!”

సంతోషికి అతనే ఫోన్ చేశాడు. “పోనియ్ బాపు, ఫికర్ చెయ్యకు. ముందుగాల అన్నం తిను,” అంది. వెనక ఎవరో చీర ధర అడుగుతున్నారు. ఆ పిల్ల తిట్టి ఉంటే బాగుండేదని సదయ్యకు ఏడుపొచ్చింది.

ఇంట్లో భార్య ముఖం చూడలేక రెండో షిఫ్టుకు డ్యూటీకి పోయాడు. హాలర్ మూత తుడిచి, ఏడక్షరాలు రాశాడు. కింద ‘లాంప్’, ‘మైన్’ రాశాడు. ‘లైన్’ కూడా దొరికింది. గంట మోగింది. టబ్బును నెమ్మదిగా కిందికి దించాడు. మళ్ళీ మోగితే ఆపి, బ్రేకు బిగించాడు.

ఖాళీ టబ్బు లాగమని, గని లోపల టబ్బులు దింపుకునే వీరేందర్ కింద నుంచి గంట కొట్టాడు. తాడు కదల్లేదు. మళ్ళీ కొట్టాడు. ఫోన్ చేస్తే ఎత్తలేదు. తాడు వెంట పైదాకా ఎక్కి వచ్చేసరికి, సాయంత్రపు ఎండ రేకుల షెడ్డులోకి పడుతోంది. సదయ్య తల హాలర్ మూతకు ఆనించి కూర్చుని ఉన్నాడు. బ్రేకు బిగించే ఉంది.

“కాకా,” అని భుజం మీద చెయ్యి వేశాడు వీరేందర్.

డ్యూటీలో పోయిన మనిషి ఉద్యోగం ఇంట్లోవాళ్ళకిస్తారు. కళ్ళతో కానిది గుండెతో చేశాడని కాలనీలో మెచ్చుకోలుగానే అన్నారు. చేరే ముందు సంతోషిని అదే గదిలో, అదే పటం ముందు నిలబెట్టారు. ఓ, టి, ఆర్, పి, ఇ అని ఒక్కొక్కటే చదివింది. కాగితంలో తండ్రి పేరు చూసిన డాక్టరమ్మ, ఛాతీలో నొప్పేమైనా ఉందా అని రెండుసార్లు అడిగింది.

మొదటి రోజు వీరేందర్ ఆ పిల్లను హాలర్ దగ్గరికి తీసుకుపోయాడు. “ఇగో, కాక కూసునే జాగ.”

సదయ్య చోట ఇప్పుడు కూర్చునే కొత్త ఆపరేటర్ మూతంతా తుడిచాడు గానీ, సుద్ద రాతలున్న మూల ముట్టుకోలేదు. ఏడక్షరాలు, కింద మూడు మాటలు, నాలుగోదానికి మొదలుపెట్టిన ఒక్క నిలువు గీత, ఆ పక్కనే ఇనుప అంచు మీద గోరంత మిగిలిన సుద్దముక్క.