మూత మీద నలభై

అత్తగారి పడవ ఇంజనుకి నలభై గుర్రాల బలం ఉందన్న సంగతి ఆ రేవులో పుట్టిన పిల్లికూనకి కూడా తెలుసు. ఇంజను మూత మీద ఎర్రటి రంగుతో ‘40’ అని ఉండేది. రంగు వెలిసినప్పుడల్లా ఆవిడే కుంచె పట్టుకుని దిద్దేది. పడవ ఎక్కినవాళ్ళకి తాడు విప్పుతూనే, “మనది నలభై, గట్టిగా పట్టుకోండి!” అని హెచ్చరిక. కాకిపిల్ల కాకికి ముద్దంటారు గానీ, ఆ ఇంజను మీద ఆవిడకున్న ముద్దు ముందు కాకి ఏపాటిది!

ఇక కోడలి ఉద్యోగం చూడండి. రేవు చివరి పరీక్ష షెడ్డులో ఇంజన్ల బలం కొలవడం. ఇంతకంటే ఇరకాటం పగవాడికి కూడా వద్దు. ఆమె కొలిచే పద్ధతి తేలికే. పడవ ఇంజను వెనకాల నీళ్ళని తోసే రెక్క ఉంటుంది కదా, దాన్ని ఊడదీసి ఆ ఇరుసుకి నీళ్ళ బ్రేకు బిగిస్తుంది. ఇంజను తిప్పుతానంటుంది, బ్రేకు తిరగనివ్వనంటుంది. ఆ పెనుగులాటలో ఇంజను సత్తా ఎంతో పక్కనున్న ముల్లు చూపిస్తుంది. ఆ ముల్లుకి చుట్టరికాలు తెలియవు.

“పొద్దస్తమానం కోడిగుడ్డు మీద ఈకలు పీకడం! అదీ ఒక ఉద్యోగమే?” అనేది అత్తగారు. అన్నా, పొద్దున్నే కోడలి టిఫిను డబ్బా మాత్రం తనే కట్టిచ్చేది.

ఆ ఏడు రేవులో కొత్త రూలు వచ్చింది. దీవికి మనుషుల్ని ఎక్కించుకెళ్ళే పడవకి, రెక్క దగ్గర కొలిస్తే ముప్పై అయిదు గుర్రాలకి తగ్గకూడదు. తగ్గితే ఇక చేపలబుట్టలు మోసుకోవలసిందే. ఎదురుగాలిలో నీళ్ళ నడిమధ్య ఇంజను బలం చాలక పడవలు కొట్టుకుపోతున్నాయని పెట్టిన రూలు. మంచిదే. కానీ అత్తగారికి దీవి టీచరమ్మా, నర్సమ్మా, కూరగాయల ముసలాయనా అంటే ప్రయాణికులు కాదు, బలగం. వాళ్ళతో మాట్లాడకుండా ఒక పూట గడిచేది కాదు.

పరీక్ష ముందురోజు అన్నాల దగ్గర కోడలు మెల్లగా కదిపింది.

“అత్తయ్యా, మూత మీది నలభై పాతకాలపు లెక్క. అప్పట్లో కంపెనీవాళ్ళు ఇంజను లోపలి ఇరుసు దగ్గర కొలిచి పోస్టర్లేసేవాళ్ళు. ఆ బలం గేర్లు దాటి రెక్క దాకా వచ్చేసరికి కొంత అరిగిపోతుంది.”

“పుట్టింటి గొప్పలు మేనమామ దగ్గరా? ఆ ఇంజను నా చేతిలో పెరిగింది.”

“ఇప్పటి కొత్తవాటికి కూడా రాసిన అంకెకి పదో వంతు అటూ ఇటూ ఉన్నా తప్పులేదంటారు. అందుకే మూతని నమ్మకూడదు.”

“మూతని నమ్మక, నీ ముల్లుని నమ్మమంటావా?” అంది అత్తగారు. “ఏరా, నువ్వేమంటావు?”

మధ్యలో కూర్చున్న కొడుకు అడకత్తెరలో పోకచెక్కలా అమ్మనీ పెళ్ళాన్నీ చూసి, “పెరుగు ఇటివ్వండి” అన్నాడు. తెలివైనవాడు.

మర్నాడు షెడ్డు దగ్గర ఊరికి ఊరే దిగింది. దీవి బలగమంతా ముందు వరసలోనే నిలబడింది. వాళ్ళ వెనకాల గొప్పల బాబాయి. ఈయన కూడా పడవాయనే, అత్తగారికి మరిది వరస. ఇరవై అయిదు గుర్రాల ఇంజను మూతకి ‘60’ అని పెద్ద స్టిక్కరు అంటించుకుని తిరిగే మనిషి. కోడలు అత్తగారి ఇంజను కొలవడం బాగుండదని రేవు అధికారి తనే వచ్చాడు. బ్రేకు ఆమె నడపాలి, ముల్లు ఆయన చదవాలి. ఆయన అలా అనేసరికి కోడలి గుండెల మీంచి సగం బరువు దిగింది. మిగతా సగం అత్తగారి మొహం చూస్తే అలాగే ఉంది.

ఇంజను అందుకుంది. మోత పెరిగింది, దాంతోపాటు నల్లటి పొగ కూడా. కోడలు నొసలు ముడిచింది. ముల్లు పాతిక దాటింది, ముప్పై దాటింది, అక్కడినించి ముసలమ్మ మెట్లెక్కినట్టు ఎక్కి ఆగిపోయింది.

“ముప్పై మూడు” అన్నాడు అధికారి.

అత్తగారు కోప్పడుతుందని అందరూ చూశారు. ఆవిడ కోప్పడలేదు. పైటకొంగుతో చేతులు తుడుచుకుంటూ నిలబడిపోయింది. కోడలికి ఏడుపొచ్చింది. తిట్టినా బాగుండును కదా!

“ఏం వదినా,” అన్నాడు బాబాయి వెనకనించి, “నీ గుర్రాలు మేతకెళ్ళాయా?”

“ఎవరైనా ఇంజను ఒకసారి సరిచూసుకుని మళ్ళీ నడపొచ్చు. అందరికీ ఇచ్చే అవకాశమే” అన్నాడు అధికారి.

అత్తగారు సరిచూడటానికి కాదు, ఓదార్చడానికన్నట్టు వెళ్ళి మూత ఎత్తింది. కోడలు పక్కనించి తొంగిచూసింది. ఇంజను గాలి పీల్చుకునే గొట్టం చుట్టూ, మూతికి అడ్డంగా, మందపాటి నీలం గుడ్డ. మడతలు పెట్టి, చక్కగా కుట్టేసి ఉంది.

“అత్తయ్యా! అది నా శాలువా కదూ?”

“నువ్వెలాగూ కప్పుకోవడంలేదుగా” అంది అత్తగారు, ఎటో చూస్తూ.

“నిరుటి వానల్నించీ ఇల్లంతా వెతుకుతున్నాను!”

“ఉప్పుగాలి లోపలికి పోకూడదని చుట్టానే. ఈమధ్య దగ్గుతోంది కూడాను. చలి చేసిందేమోనని ఇంకో మడత వేశాను.”

కోడలికి నవ్వాగలేదు. నవ్వుతూనే కళ్ళు తుడుచుకుంది. “అయ్యో అత్తయ్యా, దానికి చలి కాదు, ఊపిరాడటంలేదు! గాలి అందక పెట్రోలు సరిగా మండటంలేదు. ఆ నల్లపొగంతా అదే. మన మూతికి దుప్పటి చుట్టి మేడెక్కమంటే ఎక్కగలమా?”

అత్తగారు మూత పక్కన పెట్టేసింది. “ఇన్నాళ్ళూ దాని పీక నొక్కింది నేనా?” అని, అక్కడే మోకాళ్ళ మీద కూర్చుని పళ్ళతో దారం కొరికేసింది. శాలువా పీకి కోడలి భుజాన పడేసింది. దాన్నిప్పుడు శాలువా అంటే అసలు శాలువాలు నొచ్చుకుంటాయి, అంత పెట్రోలు కంపు.

మళ్ళీ బ్రేకు బిగించారు. ఈసారి మోతే వేరు. పొగ పలచబడింది. ముల్లు ముప్పై మూడుని తిరిగి చూడకుండా దాటింది. టీచరమ్మ పిల్లలతో చెప్పించినట్టు “ముప్పై నాలుగు” అంటే బలగమంతా అందుకున్నారు. “ముప్పై అయిదు!” అన్నాక వాళ్ళ కేకల్లో అధికారి గొంతు ఎవరికీ వినబడలేదు. ఆయన రెండు చేతులూ ఎత్తి మళ్ళీ చెప్పాడు.

“ముప్పై ఆరు! అనుమతి ఇస్తున్నాను.”

నర్సమ్మ కోడల్ని వాటేసుకుంది. కొడుకు ఎవరి పక్షమో ఇప్పుడు ధైర్యంగా చెప్పొచ్చు కనక ఇద్దరి పక్షానా ఈల వేశాడు. కోడలు మాత్రం అత్తగారి దగ్గరికి భయంభయంగానే వెళ్ళింది.

“మరి ఆ నాలుగూ?” అంది అత్తగారు మెల్లగా.

“గేర్లు మేసేశాయి అత్తయ్యా. మొదటినించీ ఇంతే. ముప్పై ఆరు మాత్రం ముమ్మాటికీ మనవే.”

అత్తగారు పడవలోంచి గీకుడు రేకు తెచ్చుకుని మూత మీది నలభైని గీకడం మొదలుపెట్టింది. ఎన్నేళ్ళుగానో దిద్దిన రంగు, పొరలు పొరలుగా రాలింది. కోడలు వద్దనబోయింది గానీ ఆవిడ వినిపించుకోలేదు.

“అరెరే, నలభై పోయిందా వదినా!” అన్నాడు బాబాయి.

“పోయింది మరిదీ. నీ అరవైని కూడా తీసుకురా, ఇప్పుడే కొలిపిస్తాను.”

గుమ్మడికాయ దొంగంటే భుజాలు తడుముకున్నట్టు బాబాయి తన పడవకేసి చూసుకుని, ఇంట్లో పనుందని చక్కా వెళ్ళిపోయాడు.

సాయంత్రం పడవ నిండా దీవి మనుషులు. పనిలోంచి వచ్చిన కోడలు కూడా వాళ్ళ మధ్య ఇరుక్కుని కూర్చుంది, మెడ చుట్టూ ఆ కంపు శాలువాతోనే. మూత మీద ఇంకా ఆరని ఎర్రరంగులో ‘36’. అత్తగారు తాడు విప్పి, గొంతు సవరించుకుంది.

“మనది ముప్పై ఆరు! మా కోడలు కొలిచింది. గట్టిగా పట్టుకోండి!”